మాంటిసెల్లో గృహము: గ్రంథములు, చిట్టాలు



గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఒక గ్రంథప్రియుని యింటిని గూర్చి ముచ్చటించుట ఉచితమే. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున ఒక చిన్న కొండమీద మాంటిసెల్లో అను గృహము గలదు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనమున మానవులందఱును సమానులని వ్రాసిన థామస్ జెఫర్సను దానిని నలువది యేండ్లు కట్టుచు, విప్పుచు, మరల కట్టుచు వచ్చెను. 1923లో ఒక ధర్మసంస్థ దానిని కొనినది, నేడది ప్రదర్శనశాల.

1814లో ఆంగ్లసైనికులు వాషింగ్టనులోని శాసనసభా గ్రంథాలయమును దగ్ధము చేసిరి. మరుసటి యేట జెఫర్సను తన 6,487 సంపుటములను ఆ సభకిచ్చెను. ఉచితముగా గాదు, 23,950 డాలర్లకు అమ్మెను. అప్పులవాడు మఱేమి చేయును? నేటి కాంగ్రెసు గ్రంథాలయమునకు ఆ గ్రంథములే పునాది.

అయితే ఆ యింటికి పోయి బీరువాలను మాత్రము చూచి మరలినవారు సగము యింటినే చూచినవారు. ఆయన స్వహస్తముతో వ్రాసిన వ్యవసాయపు లెక్కల పుస్తకము నేటికిని నిలిచియున్నది. అందు బానిసల పేర్లు, పుట్టిన సంవత్సరములు, ఎవరికెంత బట్ట, ఎవరికి కంబళి, ఎవరికెన్ని చేపలు అన్నియు వరుసగా గలవు. మేకుల కొట్టములో 10 మొదలు 16 ఏండ్ల బాలురు పనిచేయుచుండిరి. ఒక్కొక్కడు దినమున కెన్ని మేకులు చేసెనో, ఎంత యినుము వృథా చేసెనో దొర తూచి వ్రాసికొనుచుండెను. తప్పుపట్ట వీలులేని శుభ్రమైన చిట్టా! ఆ బాలుర పేర్లకెదుట కూలిపద్దును వెదకుట మాత్రము వ్యర్థము.

ఆయన జీవితకాలమున ఆయనకు బానిసలైనవారు ఆఱువందలకు పైబడిరి. వారిలో శాలీ హెమింగ్సు అను నామె బిడ్డలకు ఆయనయే తండ్రి యని ఆమె కుమారుడు మాడిసను 1873లోనే చెప్పెను. నమ్మినవారు కొలది. 1998లో రక్తపరీక్ష ఆ మాటకు బలమిచ్చెను. 2000లో సంస్థ యంగీకరించెను. 2018లో ఆమె కథకై యొక గది తెఱచిరి. అంతకుముందు చిరకాలము యిల్లు చూపువారు బానిసలను ‘సేవకులు’ అని చెప్పి ముందుకు సాగుచుండిరి. పేరు మార్చినంత మాత్రమున పద్దు మాఱునా?

1826 జూలై 4న జెఫర్సను లక్ష డాలర్లకు మించిన ఋణముతో మరణించెను. 1827 జనవరిలో బానిసలను ఆ కొండమీదనే వేలము వేసిరి. మరణశాసనమున విడుదల పొందిన యైదుగురిలో జోసఫ్ ఫాసెట్ అను కమ్మరి యొకడు. అతని భార్యకును బిడ్డలకును విడుదల లేదు. పదునొకండేండ్ల కొడుకు పీటరు పరులపాలయ్యెను. పుస్తకము చేతబట్టిన కొరడాదెబ్బలు తప్పవని క్రొత్త యజమాని బెదరించెను. బాలుడు చాటుగా చదివెను; రాత్రులందు తోడి బానిసలకును అక్షరములు నేర్పెను. రెండుమాఱులు పాఱిపోజూచి పట్టుబడెను. తుదకు స్వేచ్ఛ పొంది సిన్సినాటి నగరమున క్రైస్తవ మతబోధకుడయ్యెను.

1900లో, ఎనుబది దాటిన వయసున, పీటర్ ఫాసెట్ మాంటిసెల్లోకు తిరిగిపోయి తాను పుట్టిన చోటు చూచివచ్చెను. మరుసటి యేట మరణించెను.