నగరపు శివారున కాపురము



పామూరు నుండి ఒంగోలుకైనను, నెల్లూరుకైనను దారి నూరు కిలోమీటర్లకు అటునిటుగా ఉండును. కచేరీ పనికో, ఆసుపత్రికో, పిల్లవానిని కళాశాలలో చేర్చుటకో ఆ దారిని పోయి, పని ముగించుకొని ఇల్లు చేరుట పూర్వపు వాడుక. ఇప్పుడు తిరుగు టిక్కెట్టు లేని ప్రయాణములు పెరిగినవి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, అంతవరకు నెల్లూరు జిల్లాలోనుండిన కనిగిరి, పామూరు ప్రాంతము అందులో చేరినది. నాటినుండి ఒంగోలుతో రాకపోకలు బలపడినవి. కాని నగరము నడుమ స్థలము కొనగలవారు కొందరే. తక్కినవారి చూపు పేర్నమిట్ట, కొప్పోలు, త్రోవగుంట వంటి శివారు ఊళ్లమీదను, పొలములలో కొత్తగా పాతిన ప్లాటు రాళ్లమీదను పడుచున్నది. అట్టివారు బయానా ఇచ్చుటకు ముందు ఆలోచింపవలసిన సంగతులు కొన్నింటిని నేడు మనవి చేయుదుము.

స్థలమును చూడవచ్చువాడు సాధారణముగా ఇంటి యజమాని. వచ్చునది ఆదివారము, ఉదయపుటెండలో. వెంచరువారి వాహనములో దిగును, రోడ్డు వెడల్పు చూచును, గజము ధర అడుగును, తృప్తిపడి పోవును. అయితే కాపురము పెట్టిన పిమ్మట ఆయన ఆ ఇంట నుండునది రాత్రి కొన్ని గంటలే. పగలంతయు అచ్చట ఉండువారు ఇల్లాలు, వృద్ధురాలైన తల్లి, బడినుండి వచ్చిన పిల్లలు. శివారు బ్రతుకు నిజముగా వారిది. కనుక బయటికి పోవువాని కన్నులతో కాక, ఇంట నుండువారి కన్నులతో ఆ స్థలమును చూడవలెనని మా తలంపు. ఇకముందు చెప్పునదంతయు ఈ ఒక్క మాటకు వివరణమే.

మొదట నీరు. పామూరు, కనిగిరి ప్రాంతమువారికి ఈ ప్రశ్నను వేరుగా నేర్పనక్కరలేదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు, పళ్లు చెడు వ్యాధిని మన దేశమున మొదట శాస్త్రీయముగా వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. నడుము వంగిన పెద్దలను, పళ్లమీద గోధుమ చారలు పడిన పిల్లలను కన్నవారు నీటికొరకే ఊరు విడుచుటలో ఆశ్చర్యము లేదు. కాని నగరపు నీరు వేరు, నగరపు శివారు నీరు వేరు. ఒంగోలుకు నాగార్జునసాగరు కుడికాలువ నీటిని వేసవి నిల్వ చెరువులలో నింపి సరఫరా చేయుదురు. చెరువు నిండినంత మాత్రమున శివారు వీధిలోని కుళాయి తిరుగదు. గొట్టము ఆ వీధివరకు వచ్చినదా, వచ్చినచో నీరు ఎన్ని దినములకొకసారి, ఎంతసేపు వచ్చుచున్నది, అను సంగతులను అమ్మువానిని కాదు, అచ్చట కాపురమున్న ఇల్లాలిని అడుగవలెను. వాకిట ఎన్ని డ్రమ్ములు పెట్టుకొన్నారో చూచినను సగము సమాధానము దొరకును.

బోరే ఆధారమైనచో ఆ నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను. లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది సాంద్రత మరింత హెచ్చును. నీటికై ఊరు విడిచివచ్చి, మరల అట్టి బోరునీటినే త్రాగుటయో, ట్యాంకరుకు నెలనెలా సొమ్ము పోయుటయో అయినచో వలస వచ్చిన ప్రయోజనమేమి?

రెండవది, కురిసిన నీరు పోవు మార్గము. మెట్టసీమనుండి వచ్చినవారికి నీరు లేమి తెలియును గాని నీరు నిలుచుట అంతగా తెలియదు. ఒంగోలు సముద్రతీరమునకు చేరువనున్న ఊరు, తుపానుల త్రోవలోనిది. 2023 డిసెంబరు 5న బాపట్ల దాపున తీరము దాటిన మిచాంగ్ తుపానును ఈ ప్రాంతమువారు మరువలేదు. పోతురాజు కాలువ వంటి మురుగుకాలువల ప్రక్కనున్న పల్లపు స్థలము వేసవిలో చదునుగాను, చవుకగాను కనబడును. చెన్నపట్టణములోని త్యాగరాయనగరమును చూడుడు. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ శెట్టి పేరిట వెలసిన ఆ పేట 1920 దశకమున చెరువు నేలను పూడ్చి కట్టినది. నూరేండ్లు కావచ్చుచున్న సమయమున, 2021 నవంబరు వానలలో, ఆ వీధులలో నీరు నిలిచినది. మనిషి మరచినను నీరు తన చోటు మరువదు. కావున కొనదలచిన స్థలమును ఒక పెద్దవాన వెలిసిన మరునాడు పోయి చూడవలెను. ఆ పొలము పాతపేరును అచ్చటి రైతు నడుగవలెను. పేరులో కుంట, వాగు, చెరువు అను మాట ఉన్నచో రెండుమారులు ఆలోచించుట మంచిది.

మూడవది కాగితము. 2023లో ఒంగోలులో నకిలీ దస్తావేజుల వ్యవహారము బయటపడి, ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమింపవలసి వచ్చినది. రిజిస్ట్రేషను జరిగినంత మాత్రమున హక్కు స్థిరపడినట్లు కాదు. లింకు దస్తావేజులను, ఈసీని ఊరిలోని తెలిసినవారికి కాక, తెలిసిన న్యాయవాదికి చూపవలెను. ఆ సర్వే నెంబరు నిషేధిత భూముల జాబితాలో ఉన్నదా, అది అసైన్డు భూమియా అని విచారింపవలెను. లే అవుటుకు అనుమతి ఉన్నదా, 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రింద రెరాలో నమోదైనదా అనునది తెలిసికొనవలెను. అనుమతిలేని లే అవుటులో గజము ధర తగ్గవచ్చును గాని, పిదప ఇంటి ప్లానుకు, బ్యాంకు అప్పుకు ఆ తగ్గింపు వడ్డీతో సహా తీర్చవలసి వచ్చును. కొలత మాటయు నమ్మరాదు. అంకణమనగా ఒకచోట 36 చదరపుటడుగులు, మరియొకచోట 72. సెంటనగా 48.4 గజములు. బేరము ఏ కొలతలో సాగినను కాగితము మీద గజములలోనికి మార్చి వ్రాయించుకొనుట క్షేమము.

నాలుగవది దూరము. దీనిని కిలోమీటర్లలో కాక కాలములో కొలవవలెను. అదియు మోటారుసైకిలున్నవాని కాలములో కాదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఆసుపత్రికి పోవుటకు ఎంతసేపు పట్టును? నడుమ రైలు గేటు గాని, జాతీయ రహదారి గాని అడ్డమున్నదా? రాత్రి బస్సు ఎన్నింటివరకు? వీధిదీపము వెలుగుచున్నదా? చీకటి పడిన తరువాత ట్యూషను నుండి ఆడపిల్ల ఒంటరిగా నడిచి రాగలదా? 1898లో ఇంగ్లండున ఎబినీజరు హోవర్డు అనునాయన ఉద్యాననగరములను గురించి గ్రంథము వ్రాసి, పని, ఇల్లు, తోట, పొలము దగ్గర దగ్గరగా ఉండు ఊరిని కోరినాడు. 1903లో లెచ్‌వర్తు అను ఊరు ఆ తలంపుతోనే మొదలైనది. ఆ ఆదర్శమునుండి తోటను పేరుకు మాత్రము తీసికొని, పనిని, బడిని, అంగడిని విడిచిన చోట మిగులునది పడకటిల్లే.

అయిదవది గజములలో కొలవరానిది. పామూరు వీధిలో అరుగుమీద కూర్చున్న అవ్వను పోవువారందరు పలుకరింతురు. ఆమెకు జ్వరము వచ్చినచో ప్రక్కింటి పిన్నమ్మ గంజి కాచి తెచ్చును. శివారులో పది ప్లాట్లకొక ఇల్లు; తలుపులు మూసియుండును. కొడుకు, కోడలు పనికి పోవుదురు. అవ్వకు టెలివిజను తోడు. మంచి నీరు త్రాగుచు మాటకు మొగము వాచుట ముసలివారికి చిన్న కష్టము కాదు. పొరుగువారెవరు, గుడి ఎంతదూరము, ఊరివారు ఆ దరిదాపుల ఎవరైనను ఉన్నారా అను విచారణ సంకోచపడి విడువదగినది కాదు. ఆమెను వెంటబెట్టుకొని పోయి చూపి, ఆమె మాట వినుటయే అన్నిటికంటె మేలు.

ఇన్ని ప్రశ్నలకు సమాధానము ఒక్క ఆదివారములో దొరకునా? దొరకదు. అందువలన మేము చెప్పదగిన ఉపాయము ఒకటే. వీలున్నవారు ముందుగా ఆ పేటలోనే ఒక సంవత్సరము అద్దెకుండవలెను. ఒక వేసవి, ఒక వానకాలము, పిల్లలకు ఒక చదువు సంవత్సరము గడచులోపల ఆ నేల తన గుణమును తానే చెప్పును. అద్దె పోయినదను బాధ కొన్నాళ్లది. తప్పు స్థలము కొన్న బాధ తరమునకు సరిపోవును.

ఆ సంవత్సరము గడచువరకు ఊరిలోని ఇంటిని, చేనును అమ్ముటకు తొందరపడవద్దు. వెలిగొండ పథకపు రెండు సొరంగముల త్రవ్వకము 2021, 2024 సంవత్సరములలో ముగిసినది. 2011-12లో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గము 309 కిలోమీటర్ల పొడవున కనిగిరి, పామూరుల మీదుగా పోవునట్లు నిర్ణయింపబడి, ఉత్తరభాగమున కొంత దూరము ఇప్పటికే పూర్తియైనది. ఇవి ఎప్పటికి ఏ మేలు చేయునో జోస్యము చెప్పుట మా పని కాదు. కాని నీరును, రైలును చేరిన ఊరు నేటి ఊరువలె ఉండదు. తిరిగిరావలెనన్న కోరిక కలిగిననాడు తాళము చెవి చేతిలో నుండుట మంచిది.

వలస తప్పు కాదు. బిడ్డల చదువుకు, ఆరోగ్యమునకు చోటు మారుట మన పూర్వులకును తెలిసినదే. అయితే ఇల్లు కొనుట ఒకరి చేతిలో ముగియు పని. ఆ ఇంట బ్రతుకుట అందరికిని నిత్యకృత్యము. బయానా సొమ్ము లెక్కపెట్టుటకు ముందు, పగలంతయు ఆ ఇంట ఉండబోవువారిని ఒక్కమారు అడిగి చూడుడు.