రొమ్ము క్యాన్సర్ – ఒక మందు కథ



రొమ్ము క్యాన్సర్ గురించి స్త్రీలకు చెప్పేది ఎప్పుడూ ఒకటే. గడ్డ ఉందేమో చూసుకోండి, త్వరగా డాక్టరు దగ్గరికి రండి. అవసరమైన మాటే. కానీ వచ్చాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. అందుకే ఈరోజు ఒక్క మందును పట్టుకుని మాట్లాడతాను. దాని పేరు ట్రాస్టుజుమాబ్. మొదట హెర్సెప్టిన్ పేరుతో అమ్మారు.

కణం పెరగాలంటే పెరగమని దానికి కబురు అందాలి. ఆ కబురు అందుకునే ప్రోటీన్లు కణం పైపొర మీద ఉంటాయి. వాటిలో హెర్-2 ఒకటి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో 15 నుంచి 20 మందికి కణితి మీద ఇది విపరీతంగా ఉంటుంది. ఇక ఆగకుండా పెరగమనే కబురే. ఇలాంటి స్త్రీలకు జబ్బు త్వరగా తిరగబెడుతుందని 1987లో డెనిస్ స్లేమన్ బృందం చూపించింది. ఈ మందు ఆ ప్రోటీన్‌కు అతుక్కుని కబురును అడ్డుకుంటుంది. గుండెను బలహీనపరచే ప్రమాదమూ ఉంది కనుక మధ్యమధ్య ఎకో తీయించాలి. (ఈ సంగతి ఆమెకు కాక ఆమె భర్తకు చెప్పి పంపే డాక్టర్లు ఇంకా ఉన్నారు.)

1994లో ఈ మందు ఇంకా ప్రయోగదశలోనే ఉంది. కాలిఫోర్నియాలో మార్టీ నెల్సన్ అనే గైనకాలజిస్టు తనకు ఇమ్మని జెనెంటెక్ కంపెనీని అడిగింది. ఇవ్వలేదు. ఆమె చనిపోయాక, డిసెంబరులో, స్త్రీలు కార్లతో శవయాత్రగా ఆ కంపెనీ ఆవరణలోకి వెళ్లారు. మరుసటి ఏడాది కంపెనీ దిగివచ్చింది. ప్రయోగాల్లో చేరలేని కొద్దిమందికి లాటరీ వేసి ఇస్తామంది. ప్రాణానికి లాటరీ! అయినా రోగుల సంఘాలతో కూర్చుని మాట్లాడక తప్పలేదు.

1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు ముదిరిన 469 మంది మీద జరిగిన ప్రయోగంలో, కీమోథెరపీ మాత్రమే తీసుకున్నవారు మధ్యస్థంగా 20.3 నెలలు బతికారు. దానికి ఈ మందు తోడైనవారు 25.1 నెలలు. అయిదు నెలలేనా అంటారు కొందరు. కూతురి పదోతరగతి పరీక్షలు చూసి పోవాలనుకునే తల్లిని అడగండి. పైగా తొలిదశలోనే ఇస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది.

మరి మన దేశంలో? ధర తగ్గించాలని 2012 నవంబరులో ఒక ప్రచారోద్యమం మొదలైంది. స్త్రీవాద కార్యకర్త కల్యాణి మీనన్ సేన్ అందులో ముందున్నారు. 2013 ఆగస్టులో రోష్ కంపెనీ ఇక్కడి పేటెంటును వదులుకుంది. 2014లో బయోకాన్ మందు 440 మిల్లీగ్రాముల సీసా 57,500 రూపాయలకు వచ్చింది. చౌక అన్నారు! అరవై కిలోల మనిషికి ఏడాది చికిత్సకు అలాంటివి పదిహేను కావాలి. ఏ కూలీ ఇంట్లో ఉన్నాయి ఎనిమిదిన్నర లక్షలు? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆ తరువాత మరిన్ని కంపెనీలు వచ్చి ధర తగ్గిన మాట నిజమే. కానీ ఇంట్లో డబ్బు చాలనప్పుడు మొదట ఆగేది ఆడమనిషి వైద్యమే. పేటెంటు పోయినా అది పోలేదు.

మీరు ఎవరికైనా తోడుగా ఆస్పత్రికి వెళ్లినప్పుడు హెర్-2 పరీక్ష చేశారా అని అడగండి. రిపోర్టు ఆమె చేతికే ఇప్పించండి. మధ్యలో సూది మందు మానేస్తే, ఎందుకు మానేసిందో ఆమె ఇంటికి వెళ్లి కనుక్కోండి.