చదువు ఇంటికి వచ్చినప్పుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు కళాశాల ముచ్చట యెందులకని కొందరికి తోపవచ్చును. చదువు మనుష్యుని వెదకికొనుచు వచ్చుట తెలుగునాట క్రొత్త గాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవలో పుస్తకముల నుంచి ఒడ్డునగల గ్రామములకు అందించిరి. ఆ పడవ చేసిన పనిని నేడు సెల్‌ఫోను చేయుచున్నది. అయితే పడవ వచ్చినదని ఎవ్వరును పిల్లలను బడి మాన్పింపలేదు. ఫోను వచ్చిన పిమ్మట కళాశాల మాన్పించుటకు ఒక సాకు దొరకినది. నేటి ప్రసంగ మంతయు ఆ సాకును గురించియే.

ఒక సామాన్య గృహమును తలచికొనుడు. ఇద్దరు పిల్లలు. కుమారుని గుంటూరులోనో హైదరాబాదులోనో హాస్టలులో చేర్చుటకు తండ్రి అప్పునకైనను సిద్ధపడును. కుమార్తె వంతు వచ్చునప్పటికి, "ఇంట కూర్చుండియే డిగ్రీ చేయవచ్చునట గదా, బస్సుల వెంట తిరుగుట యేల?" యను మాట పుట్టును. ఆన్‌లైను విద్యలోని సుగుణములన్నియు ఆ పూటనే ఆ యింటివారికి జ్ఞప్తికి వచ్చును. కుమారునికి దుర్లభమని తోచని కళాశాల కుమార్తెకు దుర్లభ మగుట యెట్లో ఆ తండ్రి చెప్పడు. ఆ పిల్లయు అడుగదు.

దూరవిద్యను తక్కువ చేయుట ఇచ్చటి యుద్దేశము గాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోనే పోస్టు ద్వారా పాఠములు పంపుట కారంభించెను. 1982లో హైదరాబాదున వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము భారతదేశమున ఆ తెగలో మొదటిది. తరువాత దానికి డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. దాని తొలి ఉపాధ్యక్షులు జి. రామ్‌రెడ్డిగారే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును మొదటి ఉపాధ్యక్షులైరి. నడుమ బడి విడిచిన కూలీలు, గుమాస్తాలు, పిల్లల తల్లులు ఆదివారపు తరగతులకు వచ్చి పట్టభద్రులగుట ఆ విద్య చేసిన మేలు. వారికి కళాశాల తలుపు మూసియుండగా ఇది తెరచిన తలుపు. తెరచియున్న కళాశాల తలుపును మూయుటకు దీనిని గడియగా వాడుట మాత్రము దానిని కట్టినవారి తలంపు గాదు.

ఇక చట్టము మాట. గుర్తింపుగల సంస్థ యిచ్చిన దూరవిద్యా పట్టము, ఆన్‌లైను పట్టము, కళాశాల పట్టముతో సమానమే యని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో స్పష్టపరచినది. కాని ఇంజనీరింగు, వైద్యము, ఫార్మసీ, నర్సింగు, న్యాయశాస్త్రము, వ్యవసాయము వంటివి ఈ మార్గమున నేర్పరాదని 2020 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఇంకొక మెలిక కలదు. విశ్వవిద్యాలయమునకు గుర్తింపున్నంత మాత్రమున చాలదు. చేరబోవు కోర్సునకు, చేరు సంవత్సరమునకు అనుమతి యుండవలెను. ఆ పట్టిక సంఘమువారి దూరవిద్యా విభాగపు వెబ్‌సైటులో ఉచితముగనే చూడవచ్చును. రంగుల కాగితము చేతబట్టి వచ్చు ఏజెంటు దానిని చూపడు. రుసుము కట్టకమునుపే చూచుకొనవలెను.

సమానమైన పట్టము దొరకునప్పుడు కళాశాల యెందులకు? రసాయనశాస్త్రపు విద్యార్థి బ్యూరెట్టునుండి బొట్టుబొట్టుగా క్షారమును వదలుచు, ఏ బొట్టుతో ద్రావణము లేత గులాబివన్నె దాల్చునో కనిపెట్టి చేయి నిలుపవలెను. ఒక్క బొట్టు మించినచో లెక్క చెడును. తెరపై ఆ రంగు చక్కగా కనబడును గాని చేతికి ఆ నిలుపు రాదు. ఇది యొకటి. రెండవది దీనికంటె పెద్దది, అది కాలము. ఇంటనున్న పిల్లకు పాఠము నడుమ నీళ్ళు పట్టు పిలుపు, పొయ్యి దగ్గరి పిలుపు, వచ్చిన చుట్టములకు కాఫీ కలుపు పిలుపు తప్పవు. పాఠము వినుచున్న పిల్ల చూచువారికి ఫోను చూచుచున్నట్లే యుండును. కళాశాల కేగిన పిల్లకు పగటిపూట తనదగును. అచ్చట పొరుగూరి పిల్లతో స్నేహము, తెలియని సంగతి అధ్యాపకుని నిలబెట్టి యడుగు ధైర్యము, ఏ యుద్యోగమునకు ఏ పరీక్ష యున్నదో తోడివారివలన వినుట, ఇవి యే పాఠ్యప్రణాళికలోను వ్రాయరు. ఇంటిలో మొదటిసారి డిగ్రీ చదువువారికి ఈ సంగతులు చెప్పువారు వేరెవ్వరును ఉండరు.

ధనము సంగతియు తలక్రిందులుగా నుండుట కలదు. ఇంటిచదువు చౌకయని తలతురు. కాని ప్రభుత్వపు బోధనా రుసుముల చెల్లింపు సామాన్యముగా కళాశాలలో చదువువారికే గాని దూరవిద్యకు వర్తింపదు. బస్సు ఖర్చును, ఈ సాయమును పక్కపక్కన వేసి లెక్క కట్టిన పిమ్మటనే ఏది చౌకయో తేల్చవలెను.

ఉద్యోగము విడువలేనివాడు, చంటిబిడ్డ తల్లి, కళాశాల యందనంత దూరమున నున్నవారు సందేహింపక ఆన్‌లైను మార్గము పట్టవచ్చును. మద్రాసు ఐఐటీ 2020లో ఆరంభించిన దత్తాంశశాస్త్ర పట్టమునకు ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనను యత్నింపవచ్చును. మొదట నాలుగు వారముల పాఠములు చదివి అర్హత పరీక్షలో నెగ్గవలెను. పాఠములు తెరపై వచ్చును గాని ముఖ్యపరీక్షలు కేంద్రమునకు పోయి వ్రాయవలసినవే. వారము వారము అభ్యాసములకు గడువు తప్పదు. గడువు గుర్తుచేయు మేష్టరు ఎదుట నుండడు. పదునెనిమిదేండ్లవారిలో తమకు తామే మేష్టరు కాగలవారు కొందరే. రెండును కావలెనన్నవారికి నడిమి దారియు గలదు: కళాశాలలో నుండియే, ఆ కళాశాల సమ్మతించినచో, కోర్సులలో నూటికి నలుబదివంతుల వరకు 'స్వయం' వేదికపై చదువుటకు 2021 నిబంధనలు వీలిచ్చినవి.

దూరవిద్యలో చేరినవారు నడుమ విడుచుటకు పాఠముల కాఠిన్యముకంటె ఒంటరితన మెక్కువ కారణమని తోచును. ఇచ్చట ఊరి గ్రంథాలయమునకు పని గలదు. ఒక బల్ల, ఒక దీపము, నిలకడగల ఇంటర్‌నెట్టు, సాయంకాలము రెండు గంటల నిశ్శబ్దము, ఒకే కోర్సు చదువువారు ముగ్గురు కలిసి కూర్చుండు వీలు ఇచ్చినచో ఇంటిపిలుపులు అంతవరకు వినబడవు. ఆడపిల్లలు చీకటిపడకముందే ఇల్లు చేరునట్లు ఆ వేళలను నిర్ణయింపవలెను. పరీక్షల మాసమున ఆ బల్లపై చోటు చాలదని పిల్లలు తగవులాడినచో, రెండవ బల్ల చేయించుట సంఘమువారి వంతు.