ఉత్సవాల బంగారు నాణెం



ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు ఉదయం నడిచే మిత్రులొకరు, “కంపెనీ ఉత్సవాలకిచ్చిన బంగారు నాణెం అమ్మాలా, దాచాలా?” అని అడిగారు.

2006లో ఎల్.ఐ.సి. స్వర్ణోత్సవానికి ప్రభుత్వం వేసిన అయిదు రూపాయల బిళ్ళ బజారులో చెల్లే డబ్బు. మన హైదరాబాదు టంకశాల నాణేలకు సంవత్సరం కింద నక్షత్రం ఉంటుంది. కంపెనీలు పంచే బంగారు నాణెం అటువంటిది కాదు. పేరుకే నాణెం, తూకమే దాని ధర.

మా తమ్ముడికి అతని కంపెనీ యాభయ్యో ఏట అటువంటిదొకటి ఇచ్చింది. గుమాస్తాగా రిటైరైన నాకు దక్కింది శాలువా. అప్పుడు కాస్త అసూయపడ్డ మాట నిజం.

తమ్ముడు పోయాక, ఆస్పత్రి బాకీ కోసం మరదలూ నేనూ నాణెంతో తార్నాకలో ఒక దుకాణానికి వెళ్ళాం. యజమాని గీటురాయి మీద గీసి, తూచి, “ముద్రకు విలువ లేదండీ, కరిగించేదే” అన్నాడు.

“వద్దులెండి బావగారూ” అని మరదలు నాణెం కొంగున ముడివేసుకుంది. మర్నాడు తన గాజులమ్మి బాకీ తీర్చింది.

అవసరమైతే అమ్మండి, తప్పులేదు. కానీ అది ఎవరి కష్టానికి వచ్చిందో ఒక కాగితం మీద రాసి, స్వచ్ఛత పత్రంతో కలిపి ఉంచండి. లేకపోతే మన తర్వాత పిల్లలకూ మిగిలేది తూకమే.

సెలవు.