టమోటాలో చక్కెర లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కలికిరి వాళ్ల ముందు టమోటా గురించి మాట్లాడడం సాహసమే. మదనపల్లె మార్కెట్ ధర తెలియకుండా మనకు తెల్లవారదు. అయినా ఒక కెమికల్ ఇంజనీరుగా, ఆ కాయ లోపల జరిగే ఒక పని గురించి చెప్తాను.

పచ్చి పిందె కొరికితే చేదు. కారణం టొమాటిన్. పురుగూ బూజూ దరిచేరకుండా మొక్క తనకు తానే చేసుకునే మందు అది. దాని ముడిసరుకు, డాక్టర్లు తగ్గించుకోమని చెప్పే కొలెస్ట్రాలే. దాని నుంచి ముందు టొమాటిడిన్ అనే స్టెరాయిడ్ జాతి పదార్థం తయారవుతుంది. దానికి నాలుగు చక్కెరలు అతుక్కుంటే టొమాటిన్ అవుతుంది: ఒక గాలక్టోజు, రెండు గ్లూకోజులు, ఒక జైలోజు. అంటే నాలుగు చక్కెరలు చేరినా వచ్చింది తీపి కాదు, చేదు!

మొదటి చక్కెరను అతికించే ఎంజైము పేరు గేమ్-1. యూడీపీ అనే అణువు గాలక్టోజును మోసుకొస్తుంది. గేమ్-1 ఆ బరువును దించి టొమాటిడిన్‌కు తగిలిస్తుంది. అప్పుడు అణువుకు ఒక కొస నీటితో, మరో కొస కొవ్వుతో కలిసే గుణం వస్తుంది. కుంకుడుకాయ నురగ వెనకున్న సూత్రం కూడా ఇదే. ఆ గుణంతోనే టొమాటిన్ బూజు కణాల పొరను చీలుస్తుంది.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు గేమ్-1 పనిని అణచి చూశారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. టొమాటిన్ తగ్గింది కానీ మొక్క కూడా సరిగా ఎదగలేదు. చక్కెర తగలని టొమాటిడిన్ పేరుకుని మొక్కకే చేటు చేసింది. కాబట్టి ఈ అతుకు శత్రువు మీద ఆయుధం, ఇంటికి రక్షణ కూడా.

కాయ పండేటప్పుడు మొక్క టొమాటిన్‌ను కొంత మార్చి, ఐదో చక్కెర తగిలిస్తుంది. దాంతో చేదు పోతుంది. లేత పిందెలో కిలోకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండే టొమాటిన్, ఎర్రగా పండిన కాయలో 5 మిల్లీగ్రాముల దగ్గరికి పడిపోతుంది. గింజ ముదిరేదాకా కాపలా, ముదిరాక ఆహ్వానం.

మరి ఇంత రక్షణ ఉన్నా చేలో మొక్క ఎందుకు వాడిపోతోంది? వడలు తెగులు తెచ్చే ఫ్యుజేరియం బూజు దగ్గర టొమాటినేజ్ అనే ఎంజైము ఉంది. మొక్క ఒక్కొక్కటిగా అతికించిన నాలుగు చక్కెరలనూ అది ఒక్క దెబ్బకు కోసేస్తుంది. అతికించేవాడికీ తెంచేవాడికీ జరిగే ఈ పోరులో ఓడితే నష్టం మొక్కకే కాదు, అప్పు చేసి నారు నాటిన రైతుకు.

ఆ రైతుల బిడ్డలే నేడు మన బడి బెంచీల మీద ఉన్నారు. వాళ్లకు ఎంజైము పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోకూడదు. అందుకే మన సంఘానికి నా మనవి ఒక్కటే: ఈ స్వర్ణోత్సవ నిధిలో మొదటి భాగం బడి ప్రయోగశాలకు వెళ్లాలి. నాన్న చేలో వాడిన మొక్కను తెచ్చి, దాని కాండం కోసి సూక్ష్మదర్శిని కింద చూసే అవకాశం ఆ పిల్లలకు కావాలి. నా వంతు నేను ఈరోజే ఇస్తున్నాను.