కూడలిలో ఎవరిని లెక్కపెట్టాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగంలో నేర్చుకున్నది ఏదైనా ఒక్కటి చెప్పమన్నారు సంఘం వారు. నేను రోడ్ల ఇంజనీరుని. అయినా ఈరోజు, ఉన్న రోడ్డు తీసేసి పచ్చిక పరిచిన ఒక నగరం గురించి చెబుతాను.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో సిటీ హాల్ ముందు ఒక పెద్ద కూడలి ఉండేది. పక్కనే పాత రాజప్రాసాదం. మధ్యలో ఫౌంటెన్, దాని చుట్టూ ఎడతెగని కార్లు, బస్సులు. ఊరికి నడిబొడ్డే గానీ మనిషి కాసేపు నిలబడదామంటే చోటు లేదు.

2002 జూన్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు కొరియా, జపాన్‌లలో జరిగాయి. కొరియా జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. మ్యాచ్ ఉన్న రోజుల్లో ఎర్ర చొక్కాల జనం ఆ కూడలిని నింపేశారు. వాహనాలు లేకపోతే ఆ చోటు ఎంత విశాలమో అందరికీ కళ్లారా కనిపించింది. 2004 మే 1న అక్కడే అండాకారపు పచ్చిక మైదానం తెరిచారు.

మరి వాహనాలన్నీ ఎటు పోయాయి? మా వృత్తిలో అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు పచ్చిక కింద ఉంది. 1974 నుంచీ అక్కడ భూగర్భ రైలు స్టేషన్ ఉంది. ఇప్పుడు రెండు లైన్లు కలుస్తాయి. మైదానం తెరిచిన రెండు నెలలకే, 2004 జూలై 1న, నగరంలో బస్సుల పద్ధతిని మార్చారు. పెద్ద రోడ్ల నడుమ బస్సులకే దారులు కేటాయించారు. ఒకే కార్డుతో బస్సు దిగి రైలెక్కినా ఛార్జీని మొత్తం దూరాన్ని బట్టే లెక్కగట్టారు. మొదటి రోజుల్లో ప్రయాణికులు తికమకపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. ఈ ఏర్పాట్లు లేకుండా గడ్డి మాత్రమే నాటి ఉంటే, రద్దీ పక్క వీధికి జరిగేదంతే.

చిన్న లెక్క చూడండి. యాభై మంది ఒక బస్సులో వెళితే రోడ్డు మీద పన్నెండు మీటర్లు చాలు. వాళ్లే ఇద్దరిద్దరు చొప్పున కార్లెక్కితే పాతిక కార్లు. మధ్య ఖాళీతో కలిపి కారుకు ఆరు మీటర్లనుకున్నా నూట యాభై మీటర్లు. వాహనాలను లెక్కపెడితే రోడ్డు చాలదనిపిస్తుంది. మనుషులను లెక్కపెడితే మిగిలిన చోటు కనబడుతుంది.

అక్కడా అంతా సాఫీగా సాగలేదు. జనం తొక్కిడికి గడ్డి పాడవుతుంది, మళ్లీ పరవాలి. ఆ మైదానంలో సభలు పెట్టుకోవడానికి అనుమతి కావాలా, తెలియజేస్తే చాలా అని పెద్ద వివాదమే నడిచింది. 2010లో నగర సభ నిబంధన మార్చి, తెలియజేస్తే చాలంది. చోటు సంపాదించడం ఒక ఎత్తు, అది అందరిదీ అనిపించుకోవడం మరో ఎత్తు.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, మన బడి ముందున్న మూడు రోడ్ల సెంటర్‌ను వెడల్పు చేస్తారంటున్నారు. అదే జరిగితే గేటు పక్కన రెండు వేపచెట్లు పోతాయి, పిల్లలు దాటే రోడ్డు ఇంకా వెడల్పవుతుంది. దానికోసం తీసిన లెక్కలు చూశాను. లారీలు, కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఉన్నాయి. నడిచే పిల్లల గడి లేదు.

నా మనవి ఒక్కటే. వచ్చే నెలలో ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఆ సెంటర్ దాటే ప్రతి మనిషినీ మనం లెక్కపెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు మాస్టార్ల పర్యవేక్షణలో గేటు లోపల కూర్చుని పట్టిక రాస్తారు. చెట్లు అలాగే ఉంచి, కూడలిని ఇరుకు చేసి, బస్సుకూ నడకకూ చోటిచ్చే ప్లాన్ నేను ఉచితంగా గీసిస్తాను. మున్సిపాలిటీకి వినతిపత్రం మీద సంతకాలు మీరు చేయాలి. లెక్కల్లో తప్పులు పట్టడానికి మన మాస్టార్లు ఎలాగూ ఉన్నారు!

సెలవు.