మందును నిలిపిన లవణము

నేడు పట్టములు పుచ్చుకొనుచున్న ఔషధశాస్త్ర విద్యార్థులారా!

గచ్చిబౌలి మొదలు మాదాపూరు వరకు అద్దాల మేడలు బారులుదీరిన ఈ సైబరాబాదున నిలిచి, నేను మీకొక చిన్న సీసాను గూర్చి చెప్పదలచితిని. డాక్సోరూబిసిన్ అను క్యాన్సరు మందును, సుమారు 100 నానోమీటర్ల కొవ్వుపొర బుడగలయందు, అనగా లైపోసోములయందు నింపిన డాక్సిల్ అది. 1995లో అమెరికాలో ఆమోదము పొందినది.

ఆ మందు బుడగలోనికి ఎట్లు చేరినది? బుడగ లోపల అమ్మోనియం సల్ఫేటు ద్రావణమును ఉంచి, వెలుపలి లవణమును తొలగింతురు. అంతట లోపలి అమ్మోనియా పొర దాటి వెలికి జారిపోగా, ప్రోటానులు వెనుక మిగిలి ఆమ్లత పెరుగును. విద్యుదావేశము లేని రూపమున లోనికి వచ్చిన మందు అచ్చట ప్రోటానును గ్రహించి, మరల పొర దాటజాలక, సల్ఫేటుతో గూడి స్ఫటికమై నిలిచిపోవును. వేసిన మందులో నూటికి 90 పాళ్లకు పైగా లోన నిలుపునది, మన రైతులు ఎరువుగా చల్లు ఆ లవణమే! వెలుపలి నీటి ఆమ్లతను అదుపున నుంచునది హిస్టిడిన్ అను ఎమినో ఆమ్లము. పరిశోధకుల ప్రశంస యంతయు మందునకును బుడగకును పోవుట నాకు న్యాయముగా తోపదు.

అయితే అన్ని నానోకణములకును ఉప్పు మేలుచేయునని తలపకుడు. సిట్రేటు పూసిన బంగారు నానోకణముల ఎర్రని ద్రావణములో ఉప్పునీరు పోసిచూడుడు: కణముల నడిమి వికర్షణ తరిగి అవి గుమిగూడగా, ఆ కెంపువన్నె చూచుచుండగనే నీలిరంగునకు తిరుగును. కేవలము విద్యుదాకర్షణచే కణమునంటిన మందు సైతము ఉప్పు హెచ్చినచో పట్టు సడలించును. లైసిన్ వంటి ధనావేశపు ఎమినో ఆమ్లము ఆ చోటికై మందుతో పోటీపడవచ్చును.

ఇక బుడగల కొవ్వునకు ఎంత పాలు మందు ఎక్కినదో తెలియుటకు కొవ్వు ఎంత యున్నదో తెలియవలెను గదా! భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డున ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో గూడి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్షయే, మాలిబ్డేటుతో నీలిరంగు పుట్టించు ఆ పద్ధతియే, బుడగల పొరలోని ఫాస్ఫోలిపిడ్లను, అనగా ఫాస్ఫరస్ గల కొవ్వులను, కొలుచుటకు నేటికిని ఆధారమగుచున్నది. ఇచ్చట ఒక మెలకువ వలయును. ఆమ్లతను అదుపున నుంచు ఫాస్ఫేటు బఫరునందున్న బుడగలను శుద్ధిచేయక అట్లే పరీక్షించినచో, బఫరులోని ఫాస్ఫరస్ కూడ కొవ్వు లెక్కలో చేరి, మందు ఎక్కువగనే ఎక్కినను తక్కువ ఎక్కినట్లు కనబడును. కావున జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలలో చేరినను, ఈ సైబరాబాదులోనే మరియొక ప్రయోగశాలలో చేరినను, మీ నోటుపుస్తకమున మందు పేరు సరసనే బఫరు ఏదో, లవణపు గాఢత ఎంతో, ఎమినో ఆమ్లమేదో, పీహెచ్ ఎంతో మొదటి దినము నుండియే వ్రాయుడు.